మీ సొంత బండే అనుకోండి

సర్వే క్యాంపు,
సోమవారం.

మామయ్యగారికి నమస్కారాలు.

నేనూ మీ అమ్మాయీ గుడారంలోకి చేరిపోయాం. గాలి ఒకవైపు నుంచి వచ్చి, కనీసం పలకరించకుండా రెండోవైపు నుంచి వెళ్లిపోతోంది. ఈ నది మీద వంతెన ఎక్కడ వేయాలో కొలిచి చెప్పేసరికి ఆరు నెలలు పట్టేట్టుంది. ఇక్కడ ఫోను పలకదు. వారానికోసారి సరుకులు తెచ్చే లారీయే మాకు పోస్టుమాన్. మీ అమ్మాయి క్యాంపు డిస్పెన్సరీలో నర్సుగా చేరింది. ఇప్పటివరకూ వచ్చిన రోగిని నేనొక్కణ్ణే.

అసలు సంగతికి వస్తాను. ఇల్లు ఖాళీ చేశాం కాబట్టి నా మోటారు సైకిల్‌ని ట్రాన్స్‌పోర్టు లారీలో మీ ఇంటికి పంపించాను. మీ షెడ్డు తప్ప దానికి వేరే దిక్కు లేదు. అది ఇరవై రెండేళ్ల నాటి అడ్వెంచర్ బైకు. కొండలూ గుట్టలూ ఎక్కడానికే పుట్టింది. కంపెనీవాళ్లు ఆ మోడల్ చేయడం ఎప్పుడో మానేశారు. నా ప్రాణం మాత్రం దాంట్లోనే ఉంది. ఈ పని అయిపోగానే దాని మీద ఉత్తరాన ఉన్న మంచు కనుమ దాటాలని నా కోరిక. తొమ్మిదేళ్లుగా అనుకుంటున్నాను, తొమ్మిదేళ్లుగా ఏదో ఒకటి అడ్డొస్తోంది. ట్రాన్స్‌పోర్టు వాళ్ల నియమమట, నంబరు పలక విప్పి ఇమ్మన్నారు. అది నా దగ్గరే ఉంది.

మీకు పెద్ద పనేం పెట్టను. వారానికోసారి బటన్ నొక్కండి, బుద్ధిమంతుడిలా లేస్తుంది. ఐదు నిమిషాలు ఉంచి ఆపేయండి. దుమ్ము పడితే గుడ్డతో తుడవండి. అంతే. మొహమాటపడకండి. మీ సొంత బండే అనుకోండి.

మీ అల్లుడు

తా.క. మీ అమ్మాయి పక్కనుంచి "ఆ చివరి మాట కొట్టేయండి" అంటోంది. ఎందుకంటే చెప్పదు, నవ్వుతోంది. కొట్టివేతలుంటే ఉత్తరం బాగుండదని అలాగే ఉంచాను.


ఇంటి నుంచి,
ఆదివారం.

చిరంజీవి అల్లుడుగారికి మీ మామ దీవెనలు.

మీ ఉత్తరం మంగళవారం వచ్చింది, మీ బండి గురువారం వచ్చింది. దాన్ని దింపడానికి నలుగురు మనుషులు, ఒక చెక్కపలక, నా సలహాలు కావలసి వచ్చాయి. చూస్తే ఒంటె గుర్తొచ్చింది. ఆ ఎత్తు, ఆ మెడ, ఆ పొగరు. మీ అత్తయ్య గుమ్మంలోంచి చూసి "దీనికి తినడానికేం పెట్టాలి?" అంది.

మీరు రాసినట్టే బటన్ నొక్కాను. మీ బుద్ధిమంతుడు లేవలేదు. మళ్లీ నొక్కాను. ఒక దగ్గు దగ్గి పడుకున్నాడు. నలభైసార్లు నొక్కి ఉంటాను. అల్లుడుగారూ, మీ దగ్గర దాపరికమెందుకు, నాకు ముచ్చెమటలు పోశాయి. మీ దగ్గర బంగారంలా నడిచిన బండి నా గడప తొక్కగానే మూగబోయిందంటే తప్పు నాది కాక ఎవరిది? దింపేటప్పుడు నేనిచ్చిన సలహాల్లోనే ఏదో తేడా వచ్చి ఉంటుంది. రెండు రోజులు ముద్ద మింగుడుపడలేదు.

మూడో రోజు మనసు గట్టి చేసుకున్నాను. నలభై ఒక్క ఏళ్లు కుట్టుమిషన్లు బాగుచేసినవాణ్ణి. కుట్టుమిషన్‌కీ మోటారు సైకిల్‌కీ తేడా ఏముంది? అదీ నూనె తాగుతుంది, ఇదీ తాగుతుంది. అదీ ఉన్నచోటే టకటకలాడుతుంది, ప్రస్తుతానికి ఇదీ ఉన్నచోటే ఉంది. కార్బురేటర్ విప్పితే లోపల ముదిరిన తేనెలాంటి బంక. సన్న చిల్లులన్నీ పద్నాలుగో నంబరు సూదితో శుభ్రం చేశాను. పెట్రోలు ఆపే పిన్ను అరిగిపోయి ఉంటే, ఒక పాత మిషన్ ఇరుసుని అరగదీసి కొత్త పిన్ను చేశాను. ఈ రోజు పొద్దున్న పదిన్నరకు బండి లేచింది. ఆ పొగకు వీధి వీధంతా కిటికీలు వేసుకున్నారు. నేను మాత్రం అక్కడే నిలబడి పీల్చాను.

మీ సొంత బండే అనుకోండి అని రాశారు. ఆ మాట నాలుగుసార్లు చదివాను. ఈ జన్మలో నాకు సొంత బండి లేదు. మీరు నిశ్చింతగా ఉండండి. దీని సంగతి నేను చూసుకుంటాను.

మీ మామ

తా.క. ఇది అత్తయ్య రాత. ఆయన జిగురు కోసం లేచినప్పుడు రాస్తున్నాను. దుకాణం మూసేశాక ఈయన ఏడాదిన్నరగా గోడ గడియారం చూస్తూ కూర్చునేవారు. అది ఆగిపోయిన గడియారం. ఇవాళ పని చేస్తూ ఈల వేశారు. ఈల బాగాలేదు. కానీ వేశారు.


సర్వే క్యాంపు,
బుధవారం.

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి నివ్వెరపోయాను. లారీ ఎక్కించిన రోజు కూడా ఒక్క నొక్కుకే లేచిందండీ. ఇందులో మీ తప్పు ఆవగింజంత కూడా లేదు. దారిలో వానకు తడిసి ఉంటుంది, లేదంటే లారీవాళ్లు ఎక్కడో పడేసి ఉంటారు. ఏమైతేనేం, లేచింది కదా, సంతోషం.

ఇక మీకెందుకండీ ఈ శ్రమ? ఆ వంగడాలూ లేవడాలూ మీ నడుముకు మంచిది కాదు. ఇక మీదట ఏదైనా తేడాగా అనిపించినా పైపైన చూసి వదిలేయండి. లోపలికి మాత్రం అసలు వెళ్లకండి.

ఒక చిన్న మాట. ఆ పాత పిన్ను పారేయకుండా ఉంచగలరా? ఆ బండికి ఉన్నవన్నీ కంపెనీ నాటి సామాన్లే. తొమ్మిదేళ్లుగా ఒక్క మర కూడా మార్చనివ్వలేదు నేను.

మీ అల్లుడు

తా.క. "శ్రమ ఎందుకు అని రాస్తే మా నాన్నకు ఇంకా చెయ్యమని వినపడుతుంది" అంటోంది మీ అమ్మాయి. మీ గురించి అలా మాట్లాడొద్దని గట్టిగానే చెప్పాను.


ఇంటి నుంచి,
శుక్రవారం.

చిరంజీవి అల్లుడుగారికి దీవెనలు.

మీ ఉత్తరం అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. "మీకెందుకండీ ఈ శ్రమ" అనే అల్లుడు ఎంతమందికి దొరుకుతాడు? అంత మాట అన్నాక కూడా ఊరుకుంటే నేను మనిషినేనా?

పైపైన చూసి వదిలేయమన్నారు. మీ మాట జవదాటలేదు. పైనున్నవన్నీ చూశాను, మరలన్నీ వదులు చేశాను, ఊడదీశాను. ట్యాంకు, సీటు, ముందరి అద్దం. లోపలికి వెళ్లనే లేదు.

ట్యాంకు నిండా తుప్పే. లోపల గొలుసు ముక్క వేసి, నేనో పక్క అత్తయ్యో పక్క పట్టుకుని గంటసేపు ఊపాం. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి "మనవడా, మనవరాలా?" అని అడిగింది. తుప్పు వదిలాక చూస్తే పైన రంగు అనేది ఉందో లేదో చెప్పలేని స్థితి. స్కూలు బస్సులకు రంగు వేసే ఆయన దగ్గర సగం డబ్బా మిగిలితే తెచ్చి పూశాను. పసుపు. మంచులో ఎంత దూరం నుంచైనా కనపడతారు.

సీటు సంగతి చెప్పకూడదు. లోపల స్పాంజిని ఎలుకలు ఆరగించాయి. నా చిన్ననాటి స్నేహితుడు తుక్కు కొట్టు నడుపుతున్నాడు, అందరూ తుక్కు దొర అంటారు. వాడి దగ్గర మూతపడిన సెలూన్ కుర్చీ ఒకటి ఉంది. మెత్తటి ఎర్ర రెగ్జిన్, తల ఆనించుకోవడానికి చిన్న దిండు. పక్కనున్న పిడి లాగితే వెనక్కి వాలుతుంది. కాళ్లు కోసేసి, కింద ఇనుప పట్టీలు వేసి, వెనకాల కూర్చునేవాళ్ల కోసం బిగించాను. మా అమ్మాయి ఇక ఎంత దూరమైనా వస్తుంది.

పగిలిన అద్దం తీసేసి దాని స్థానంలో టికెట్ కౌంటర్ నుంచి తీసిన దళసరి ప్లాస్టిక్ పలక పెట్టాను. మధ్యలో మాట్లాడుకునే చిల్లులు ఉన్నాయి కాబట్టి గాలి ఆడుతుంది. దాని మీద "తోసుకోకండి, వరుసలో రండి" అని చెక్కి ఉంది. చెరిపేద్దామనుకున్నాను కానీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, చెయ్యి రాలేదు. మీకు లోపలి నుంచి తిరగేసి కనపడుతుంది. ఎదురొచ్చేవాళ్లకు సరిగ్గానే కనపడుతుంది.

మీ మామ

తా.క. అత్తయ్య రాత. కొలత కోసమని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పిడి ఎవరు లాగారో తెలియదు. ఐదు నిమిషాలు ఆకాశం చూస్తూ పడుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది.


సర్వే క్యాంపు,
ఆదివారం.

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టి, కూర్చుని ముగించాను. మీ అమ్మాయి ఒక గ్లాసు నీళ్లు ఇచ్చింది.

మీ పనితనానికి చేతులెత్తి మొక్కుతున్నాను. ఆ విషయంలో రెండో మాట లేదు. కానీ సీటును ఎలుకలు కొట్టేశాయని, ట్యాంకుకు రంగే లేదని చదివి కళ్లు తిరిగాయి. నేను పంపినప్పుడు ఆ నీలం ట్యాంకులో మొహం చూసుకుని గెడ్డం గీసుకోవచ్చు. ఆ లారీ ఎలుకలు ఎన్నాళ్లుగా పస్తులున్నాయో!

మీరు మరోలా అనుకోకపోతే ఒక మనవి. నాకు ఆ బండిని ఉన్నది ఉన్నట్టుగా చూసుకోవడమే ఇష్టం. ఇప్పటికే కుర్చీ బరువు చేరింది. కొండల్లో ఆ బరువంతా మోయాల్సింది నేనే కదా. కాబట్టి ఇక దాని మీద ఒక దుప్పటి కప్పి ఒక మూల నిలబెట్టండి, చాలు. ఇనుముతో పని, చేతులు జాగ్రత్త.

మీ అల్లుడు

తా.క. సెలూన్ కుర్చీ గురించి మీ అమ్మాయి క్యాంపంతా చెప్పేసింది. నిన్న మా వంటాయన క్షవరానికి ఎప్పుడు రమ్మంటారని అడిగాడు.


ఇంటి నుంచి,
గురువారం.

చిరంజీవి అల్లుడుగారికి దీవెనలు.

మీ ఉత్తరంలో నాలుగు పనులు చెప్పారు. ఏ ఒక్కటీ వదల్లేదు.

మొదట, మూల నిలబెట్టడం. నిలబెడితే పక్క స్టాండు నేలలోకి దిగబడిపోయి బండి తుక్కు దొర మీద వాలింది. వాడికేం కాలేదు, వాడి టోపీ పోయింది. అప్పుడు బుర్రలో వెలిగింది. బురదలో మీరు ఎక్కడ నిలిపినా ఇదే గొడవ కదా! నా పాత దుకాణం సామాన్లలో కుట్టుమిషన్ కాలి తొక్కుడు పలక ఒకటి మిగిలింది, పోత ఇనుముది, అరచేయంత ముక్క కోసి స్టాండు కింద అతికించాను. ఇప్పుడు ఊబిలో నిలిపినా దిగబడదు.

తర్వాత బరువు. అంత బరువు మీరే మోయాలి అని చదివి నా మనసు చివుక్కుమంది. కొండల్లో మూటలు వీపున వేసుకుని పోతారా? ఎవరూ లేనివాళ్లా మీరు? ఒక వాషింగ్ మెషీన్ దొరికింది, ముందువైపు గుండ్రటి గాజు తలుపు ఉండే రకం. దాని లోపలి స్టీలు తొట్టిని బండికి కుడిపక్క పెట్టెలా బిగించాను, గాజు తలుపుతో సహా. తెరవకుండానే లోపల ఏముందో కనపడుతుంది. ఒళ్లంతా చిల్లులే కాబట్టి తడి బట్టలు వేస్తే ఊరు చేరేసరికి ఆరిపోతాయి. ఎడమపక్కకు మాత్రం మామూలు రేకుపెట్టె చేశాను, మరీ ఆడంబరంగా ఉండకూడదని.

చేతులు జాగ్రత్త అని మీరే గుర్తు చేశారు. చలిగాలి నేరుగా మీ వేళ్లకు కొడుతుందన్న ఆలోచనే నాకు తట్టలేదు. అల్యూమినియం టీ కెటిల్‌ని నిలువునా రెండుగా కోసి, చెరో పిడికి ఒక డిప్ప బిగించాను. ఎడమచేతి డిప్పకు కెటిల్ ముక్కు అలాగే ఉంది. వాన నీళ్లు అందులోంచి పోతాయి.

ఇక ఇంజను అడుగున రాళ్లు తగలకుండా రోడ్డు పక్కన పెట్టే సైన్‌బోర్డు రేకు వంచి వేశాను. "ముందు ప్రమాదకరమైన మలుపు" అని ఉంది. బండి బోర్లా పడినప్పుడు తప్ప ఎవరికీ కనపడదు.

దుప్పటి అత్తయ్య కుట్టింది. జోడు కుట్టు. కానీ ఇప్పుడు బండి వెడల్పయిపోయి దుప్పటి చాలడం లేదు.

మీ మామ

తా.క. అత్తయ్య రాత. ఆ కెటిల్ నాది. వారం రోజులుగా టీ గిన్నెలో కాస్తున్నాను. అడిగితే "అల్లుడి చేతులకన్నా ఎక్కువా?" అన్నారు.


(పోస్టు కార్డు)

మామయ్యగారూ,
బండి ఆపండి.
అల్లుడు


ఇంటి నుంచి,
మంగళవారం.

చిరంజీవి అల్లుడుగారికి దీవెనలు.

మీ కార్డు చదివి సిగ్గుతో తలదించుకున్నాను. రెండే మాటలు, కానీ సూటిగా గుండెలో దిగాయి. బండి ఆపండి! నిజమే కదా! బండి లేపడం చూశాను, కూర్చోబెట్టడం చూశాను, నిలబెట్టడం చూశాను. ఆపడం సంగతే మర్చిపోయాను! అన్నం పెట్టి నీళ్లు మరిచిన చందంగా ఉంది. మీరు కాబట్టి గమనించారు. అంత దూరంలో ఉండి, బండిని కళ్లతో చూడకుండానే బ్రేకులు లేవని కనిపెట్టారంటే మీ చదువు చదువే.

బ్రేకుల దగ్గర మాత్రం తుక్కు పనికిరాదు. ఆ విషయంలో మీ మామ మూర్ఖుడు కాదు. కొత్త ప్యాడ్లు, కొత్త గొట్టాలు, కొత్త నూనె తెప్పించాను. మూడు రోజులు పట్టింది. నిన్న సాయంత్రం మన వీధి చివర పల్లంలో పరీక్ష చేశాం. నేను నడిపాను, అత్తయ్య వెనక కూర్చుంది. పాల బూత్ దగ్గర మొదలుపెట్టి టైలరు కొట్టు దగ్గర నొక్కాను. బండి అక్కడే ఆగింది. అల్లుడుగారూ, నేను ఎన్నో మిషన్లు బాగుచేశాను, కానీ ఏ మిషనూ నన్ను కూర్చోబెట్టుకుని పరిగెత్తలేదు. అరవై ఆరేళ్లకు తెలిసింది, గాలి మొహానికి కొడితే కళ్లలోంచి నీళ్లు వస్తాయని.

ఇంకొక్కటి. పాత టేప్ రికార్డర్‌లో క్యాసెట్ తిప్పే చక్రాలు తీసి హ్యాండిల్ మీద పెట్టాను. పొడుగాటి కాగితం మీద దారి గీసుకుని చుట్టి పెడితే, బటన్ నొక్కినప్పుడల్లా కాస్త ముందుకు జరుగుతుంది. దారి తప్పితే రివైండ్ కూడా ఉంది.

బండి ఎలా ఉందో మీకు తెలియాలని పెన్సిల్‌తో బొమ్మ గీసి జతచేశాను.

మీ మామ

తా.క. అత్తయ్య రాత. బండి టైలరు కొట్టు దగ్గర ఆగింది. నేను ఆగలేదు. ఈయన వీపు అడ్డం లేకపోతే టైలరు నాకు కొలతలు తీసుకునేవాడు.


సర్వే క్యాంపు,
శనివారం.

మామయ్యగారికి నమస్కారాలు.

ముందుగా నన్ను క్షమించాలి. ఆ కార్డు నేను కోపంలో రాశాను. నేను ఆపమన్నది బండిని కాదు, మిమ్మల్ని. ఇక ఈ విషయంలో దాగుడుమూతలు వద్దు. మొదటి ఉత్తరం నుంచి ప్రతి ఉత్తరంలోనూ నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: ముట్టుకోకండి. అల్లుణ్ణి కదా, ఆ ఒక్క మాటకి నోరు రాలేదు.

మీ ఉత్తరం అందినప్పుడు గట్టిగా తేల్చి రాసేద్దామని కాగితం తీశాను. మీ అమ్మాయి నా చేతిలో పెన్ను లాక్కుంది. "దుకాణం ఉన్న భవనం కూలగొట్టినప్పటి నుంచీ మా నాన్న ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నేను ఉత్తరం రాస్తే 'క్షేమం' అని ఒక్క ముక్క జవాబు వచ్చేది. ఇప్పుడు చూడండి, నాలుగు పేజీలు రాస్తున్నాడు. బండిదేముంది, ఇంకోటి దొరుకుతుంది" అంది.

తర్వాత మీ బొమ్మ విప్పాను. మామయ్యగారూ, అప్పటిదాకా ఉత్తరాల్లో ముక్కలు ముక్కలుగా చదివి భయపడ్డాను కానీ, మొత్తంగా చూడలేదు. ఆ పసుపు ట్యాంకు, ఆ గుండ్రటి కిటికీ, ముక్కున్న చేతి డిప్ప! నవ్వొచ్చింది. నవ్వాక మళ్లీ చూశాను. స్టాండు కింద పలక ఆలోచన ఎంత బాగుంది! తొమ్మిదేళ్లలో నాలుగుసార్లు నా బండి బురదలో పడింది, నాకెందుకు తట్టలేదు? ఆ దారి చుట్టేసే చక్రాల పెట్టె చూసి మా పెద్ద సర్వేయరు "ఇది చేసినాయన ఎక్కడ పనిచేస్తాడు?" అని అడిగాడు. బొమ్మ ఇప్పుడు భోజనాల గుడారంలో వేలాడుతోంది. వంటాయన దాని కింద నిలబడి కొత్తవాళ్లకు వివరిస్తున్నాడు.

కాబట్టి మనస్ఫూర్తిగా రాస్తున్నాను: ఆపకండి. వచ్చే నెల పదిహేనున మా పని ముగుస్తుంది. నేరుగా అక్కడికి వచ్చి, ఆ బండి మీదే కనుమ దాటుతాను. ఒక్క కోరిక. నా కొలతల ట్రైపాడ్ పెట్టుకోవడానికి పక్కన ఒక గొట్టం లాంటిది ఏమైనా కుదురుతుందా? ఇలాంటి బండి లోకంలో ఇంకొకరికి లేదు. నాకే ఉంది. ఆ గర్వంతో రెండు రోజులుగా కొలతలు తప్పుతున్నాను.

మీ అల్లుడు

తా.క. ఈసారి మీ అమ్మాయి ఏమీ అనలేదు. ఉత్తరం తనే అంటించింది.


ఇంటి నుంచి,
సోమవారం.

చిరంజీవి అల్లుడుగారికి దీవెనలు.

కూర్చుని చదవండి. వీలైతే మా అమ్మాయిని ఒక గ్లాసు నీళ్లతో పక్కన నిలబడమనండి.

మీ ఉత్తరం శుక్రవారం అందింది. ముట్టుకోవద్దన్నది నాకు అర్థం కాలేదని చదివి ఒక పూట బాధపడ్డాను, ఆపకండి అన్నది చదివి రెండో పూట ఎగిరి గంతేశాను. శనివారం పొద్దున్నే గొట్టం కోసం బయల్దేరబోతుంటే మన గుమ్మం ముందు ఒక మోటారు సైకిల్ ఆగింది. నీలం రంగు. దాని మీంచి మోకాళ్లదాకా ఉన్న బూట్లు వేసుకున్న ఒక ఆడమనిషి దిగింది. యాభై ఏళ్లుంటాయి.

"కుట్టుమిషన్ల మేస్త్రి గారి ఇల్లు ఇదేనా? నేను పశువుల డాక్టర్ని. మీ దగ్గర నా బండి ఉందట" అంది.

"లేదమ్మా, మా అల్లుడి బండి ఒక్కటే ఉంది" అన్నాను.

"మీ అల్లుడి బండి ఇదిగో" అంది, తను దిగిన బండి చూపించి.

అల్లుడుగారూ, సంగతి ఇది. ఆ రోజు ట్రాన్స్‌పోర్టు లారీలో ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి రెండు బళ్లు వచ్చాయి. రెంటికీ నంబరు పలకలు లేవు. చీటీలు తారుమారయ్యాయి. మీ నీలం బండి కొండ కింద ఆవిడ ఇంటికి వెళ్లింది. ఆవిడది నా దగ్గరికి వచ్చింది. ఆవిడ తన బండిని దూరపు ఊళ్లో ఒక పెద్ద మెకానిక్‌కి పంపిందట. తిరిగొచ్చింది చూసి, "ఆహా, ఎంత బాగా చేశాడు, రంగు కూడా వేశాడు" అనుకుని, తన పలక బిగించుకుని ఐదు నెలలుగా తిరుగుతోంది. పోయిన వారం అటువైపు పని పడి, ధన్యవాదాలు చెబుదామని ఆ మెకానిక్ దగ్గరికి వెళ్తే, అతను తెల్లమొహం వేసి, "అమ్మా, ఇది ఇక బాగుపడదని నేను చెయ్యి కూడా వేయకుండా తిప్పి పంపేశాను కదా" అన్నాడట. ఆవిడ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి ఆ రోజు చీటీలు తీయించి మన చిరునామా పట్టుకుంది.

ఊరూ పేరూ తెలియని ఒక డాక్టరమ్మ బండిని అడగకుండా విప్పి, పసుపు రంగు పూసి, సెలూన్ కుర్చీ బిగించి కూర్చున్నానన్నమాట! నేను మెల్లిగా వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. అక్కడి నుంచి వినపడింది రాస్తున్నాను.

అత్తయ్య షెడ్డు తెరిచింది. తర్వాత బూట్ల చప్పుడు, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం, రెండో ప్రదక్షిణం. "తోసుకోకండి, వరుసలో రండి" అని పైకి చదివింది. అప్పుడు బటన్ నొక్కిన చప్పుడు. ఒక్క నొక్కుకు లేచింది.

"అయ్యో" అంది డాక్టరమ్మ. "పదకొండేళ్లలో ఇది ఒక్కసారి కూడా ఇలా లేవలేదు. ప్రతిరోజూ పల్లానికి నెట్టుకెళ్లి దొర్లించేదాన్ని. ఇది ఎవరు చేశారు?"

"తలుపు వెనక ఉన్నారు" అంది మీ అత్తయ్య. నలభై ఏళ్ల కాపురం, ఒక్క క్షణం ఆలోచించలేదు.

నేను బయటికి వచ్చి, "అంతా విప్పేస్తానమ్మా, రెండు రోజులు టైమివ్వండి" అన్నాను.

"విప్పితే ఊరుకోను" అంది. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? నీలం బండికి కట్టిన గోనెసంచి విప్పి, అందులోంచి ఒక గొర్రెపిల్లను తీసింది. కాలు విరిగి కట్టు కట్టి ఉంది. దాన్ని మన వాషింగ్ మెషీన్ తొట్టిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. ఆ చిల్లుల్లోంచి గాలి ఆడుతోంది, గుండ్రటి గాజులోంచి గొర్రెపిల్ల మొహం బయటికి చూస్తోంది. "పదకొండేళ్లుగా వీటిని ఒళ్లో పెట్టుకుని నడుపుతున్నాను" అని, ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

అందుకని ఇచ్చేశాను. మీ అనుమతి అడగలేదు. అడగడానికి అది మీ బండి కాదు కదా.

మీ బండి ఇప్పుడు షెడ్డులో ఉంది. కంపెనీ నాటి మరలన్నీ పదిలం. బురద కడిగాను, అంతకుమించి ముట్టుకోలేదు. ఒక్క విషయం ఎలా చెప్పాలో తెలియక ఇందాకటి నుంచి నానుస్తున్నాను. డాక్టరమ్మ పని అంతా ఆ కొండల్లోనే. మీ బండి మంచు కనుమ ఇప్పటికే రెండుసార్లు దాటింది అల్లుడుగారూ. చాలా బాగా ఎక్కిందని చెప్పమంది. మీరు వచ్చాక దారి చూపిస్తుందట. ఆవిడ ముందు, మీరు వెనక.

ఇక మీరడిగిన ట్రైపాడ్ గొట్టం. తప్పకుండా చేస్తాను. ఒక్క గొట్టమేమిటి, కుర్చీ, తొట్టి, అన్నీ చేస్తాను. కాకపోతే చిన్న చిక్కు వచ్చింది. డాక్టరమ్మ దారిలో ఆగిన చోటల్లా నా పేరు చెప్పినట్టుంది. నిన్న ఆదివారం ఒక్కరోజే పదకొండు మంది వచ్చారు. ఒకాయన కొండల్లో ఉత్తరాలు పంచుతాడు, ఒకావిడ తేనెపెట్టెలు మోస్తుంది. తుక్కు దొర కొట్టు ముందు భాగం నాకు ఖాళీ చేసి ఇచ్చాడు. గోడకు బోర్డు కూడా తగిలించాం. మీరు పన్నెండో వారు. అల్లుడని ముందుకు జరిపితే మిగతావాళ్ల దగ్గర నా మాటకు విలువుండదు. వచ్చే ఏడు చివరికల్లా మీ వంతు వస్తుంది. ఈలోగా దాన్ని ఉన్నది ఉన్నట్టుగా చూసుకోండి, మీకు ఇష్టం కదా.

మీ మామ

తా.క. అత్తయ్య రాత. మొన్న డాక్టరమ్మ వెళ్లేముందు నన్ను ఒక చుట్టు తిప్పుకొస్తానని తీసుకెళ్లింది. సాయంత్రానికి వచ్చాం. దారిలో నాకు గేర్లు నేర్పింది. ఆవిడ బండి ఆవిడ తీసుకెళ్లిపోయింది కాబట్టి, నేర్చుకున్నది మరిచిపోకుండా ఈ పొద్దున్న మీ నీలం బండి తీశాను. మీరేం కంగారుపడకండి, బండి మీద గీత కూడా పడలేదు. పక్కింటివాళ్ల గోడ సంగతి మీరు వచ్చాక మాట్లాడుకుందాం.